మూడు వందల మందికి పులిహోర

పోయిన వారం మనోరమను వంటింటి గడప మీద, చేతిలో పసుపురంగు కరపత్రంతో నిలబెట్టి వచ్చాం. అది జనగామ సమ్మె కమిటీ వేసిన కరపత్రం. దసరా వెళ్లి నాలుగు రోజులైంది. ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలై నాలుగు వారాలు. బడులు తెరవడం లేదు, బస్సులు డిపో గేటు దాటడం లేదు, భూపాలపల్లి గనుల్లో బొగ్గు తవ్వడం ఆగిపోయి కరెంటు చుట్టపుచూపుగా వచ్చి పోతోంది. మర్నాడు పొద్దున హైదరాబాదు రోడ్డు మీద వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వండాలి, అక్కడే బంతులు వేసి తినాలి. ఎవరు ఏం వండుతారో కరపత్రంలో వరసగా అచ్చువేశారు. ఆరో వరసలో ఇలా ఉంది: "పులిహోర, మూడు వందల మందికి: స్టీలు సామాన్ల వెంకట్రాజం గారి భార్య శ్రీమతి మనోరమ."

ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె ఎవరికీ మాట ఇవ్వలేదు.

కాపురానికి వచ్చిన పదిహేడేళ్లలో మనోరమ ఒంటిచేత్తో వండింది మహా అయితే ఇరవై మందికి. అదీ కొడుకు పుట్టువెంట్రుకల నాడు. ఆ రోజు పప్పులో ఉప్పు వేశానో లేదో అన్న బెంగ ఆమెకు ఇప్పటికీ తీరలేదు.

"అభీ!"

పిలుపు వినగానే తొమ్మిదేళ్ల అభిలాష్ బియ్యం డ్రమ్ము వెనక నుంచి తల మాత్రం బయటపెట్టాడు. బడి లేని ఈ నాలుగు వారాలూ వాడి మకాం చౌరస్తా దగ్గరి సమ్మె టెంటులోనే. ఇంట్లో ఉన్న కాసేపూ 'రిలే దీక్ష' అని వరండాలో చాప పరుచుకుని కూర్చుంటాడు. టిఫిను కాగానే దీక్షలో కూర్చుని, అన్నం వేళకు విరమిస్తాడు.

"గిదేందిరా?"

"పేపరు."

"పేపరని నాకు తెల్వదా? గిండ్ల నా పేరెట్లొచ్చింది?"

వాడు డ్రమ్ము మీద వేలితో గీతలు గీశాడు. "కనకయ్య సారు అడిగిండు, ఎవరింట్ల ఏం మంచిగ చేస్తరని. అందరు చెప్పిండ్రు. నేను నీ పులిహోర చెప్పిన."

"చెప్తె చెప్పినవు. మూడు వందల మందికా?"

అభిలాష్‌కు రోషం వచ్చింది. డ్రమ్ము వెనక నుంచి పూర్తిగా బయటికొచ్చాడు. "నేను చెప్పింది వంద మందికే! నాకు లెక్క రాదా?"

హాల్లో దీపారాధనకు వత్తులు చేసుకుంటున్న అండాలు చెయ్యి ఆగింది. ఆమె మనోరమకు అత్తగారు. పిల్లలకు బాపమ్మ. ఎవరైనా ఏదైనా దాస్తే క్షణంలో కనిపెట్టే మనిషి గానీ, తను దాచాల్సి వస్తే మాత్రం ముఖమే చాడీ చెప్పేస్తుంది.

"అత్తమ్మా?" అంది మనోరమ.

"నేనేం జేసిన? ఆ సారు రాసుకోనీకె ఇంటికొచ్చిండు. నువ్వు పాల కోసం పోయినవు. వంద మందికి అని రాస్తుండె. మా కోడలికి వందొక లెక్కనా సారూ, రెండొందలు రాయిన్రి అన్న." అండాలు వత్తిని మరింత గట్టిగా నలిపింది. "ఎదురింటోళ్లు రెండొందల మందికి పప్పు చేస్తున్నరట. మనం వాళ్లకంటె తక్కువ ఎట్ల రాయిస్తం?"

"నాకొక మాట చెప్పద్దా అత్తమ్మా?"

"చెప్తె వద్దంటవు. అందుకే చెప్పలే."

ఇంటి ముందు గదే దుకాణం. సమ్మె మొదలైనప్పటి నుంచి షట్టరు సగానికే లేస్తోంది. ఆ సగం వెలుతురులో పేపరు చదువుకుంటున్న వెంకట్రాజం, భార్య తన వైపు తిరగకముందే పేపరు దించాడు.

"నా దిక్కు చూడకు. దుకాణంలున్న గంగాళాలు ఇస్తనన్న, గంతే. వందలు, రెండొందలు నాకు తెల్వదు."

"మరి మూడో వంద ఎవరిది?"

లోపలి గదిలో పుస్తకం పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది. మనోరమ అటు చూడలేదు. ఆ గదిలో వర్షిణి ఉంది. ఈ పిల్లాటలో దూరే మనిషి కాదు ఆమె కూతురు. అసలు రెండున్నర నెలలుగా తల్లితో 'ఊ', 'ఉహూ', 'ఆకలి లేదు' తప్ప నాలుగో మాటే లేదు.

వర్షిణికి పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. జులైలో తల్లిదండ్రులను బడికి రమ్మన్నారు. మనోరమ వెళ్లింది. పిల్లకు లెక్కల్లో మార్కులు తగ్గాయి కదా అని, "మా పిల్ల గిట్లెందుకు వెనకవడ్డది మేడం, ఏంది కత?" అని అడిగింది. ఆ మేడం నవ్వు ముఖంతోనే, "ఏంది కత కాదండీ, ఏమిటి కథ" అని సవరించి, తర్వాత మార్కుల సంగతి చెప్పింది. కిటికీ అవతల నిలబడ్డ పిల్లలు ఘొల్లున నవ్వారు. మేడం సవరింపును మనోరమ పట్టించుకోలేదు. ఆ నవ్వునే మూట కట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. ఆ సాయంత్రం వర్షిణి పుస్తకాల సంచీ దించుతూ, "ఇంకోపారి బాపును పంపు. నువ్వు రాకు" అంది. అంతే. అప్పటి నుంచి తల్లీకూతుళ్ల మధ్య ఇల్లు అదే, అన్నం అదే, మాటలు మాత్రం లేవు.

కమిటీ వాళ్లు బియ్యం, చింతపండు, నూనె సాయంత్రానికే పంపించారు. నలుగురు మనుషులు బస్తాలు మోసుకొచ్చి వరండాలో పెట్టి వెళ్లారు. కాదనడానికి ఇంక దారి లేదు. ఊరంతా పంచిన కరపత్రం అది.

అరకిలో బియ్యానికి ఎంత చింతపండో ఆమె చేతికి తెలుసు. పాతిక కిలోలకు ఎంతో చేతికీ తెలియదు, నోటికీ రాదు. సుద్దముక్కతో గచ్చు మీద రెండు అంకెలు వేసి చెరిపేసింది. అండాలు, "నాలుగు గంపలు పోద్దాం, చూస్కుంట పోద్దాం" అని సలహా చెప్పింది. ఆ సలహాతో మనోరమకు ఉన్న ధైర్యం కూడా పోయింది. కాసేపు కూర్చుని, లేచి, లోపలి గది తలుపు దగ్గరికి వెళ్లి నిలబడింది.

"వర్షీ. జర లెక్క చూసి పెడ్తవా?"

పిల్ల పుస్తకం వెంటనే మూసేసింది. ఎంత వెంటనే అంటే, అందులో ఏ పేజీ చదువుతోందో తనకే తెలియనంత. లెక్కలు రాసుకునే కాపీ, పెన్సిలు పట్టుకుని వచ్చి గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"అరకిలో బియ్యం ఎంతమంది తింటరు?"

"ఆరుగురు. అభిగాడైతే ఇద్దరి లెక్క."

"మూడొందల్ని ఆరుతోని భాగిస్తె యాభై. అంటె అన్నీ యాభై రెట్లు." పెన్సిలు చకచకా నడిచింది. "అరకిలోకు చింతపండు ఎంతేస్తవు?"

"పిడికెడు."

"పిడికెడంటె ఎన్ని గ్రాములు?"

"పిడికెడంటె పిడికెడే."

వర్షిణి తల ఎత్తి చూసింది. పెదవి చివర నవ్వు మొదలై, అక్కడే ఆగిపోయింది. అప్పుడే కరెంటు పోయింది. దుకాణంలో ఇత్తడి తూచే కరెంటు కాటా పనిచెయ్యదు. అండాలు దేవుడి గది మూల నుంచి తన అత్తగారి నాటి చిన్న తరాజు, గుండ్లు తెచ్చి ఇచ్చింది. లాంతరు వెలుగులో మనోరమ పిడికెడు చింతపండు తీసి పళ్లెంలో వేసింది. అవతల యాభై గ్రాముల గుండు, దాని పక్కన పది గ్రాములది. ముల్లు అటూ ఇటూ ఊగి నడుమకు వచ్చి నిలిచింది.

"అరవై," అంది వర్షిణి రాసుకుంటూ. "ఇంకోపారి తియ్యి. ఒక్కపారికే నమ్మొద్దు."

మళ్లీ తీసింది. మళ్లీ ముల్లు నడుమనే నిలిచింది. మూడోసారి పిల్ల, "కండ్లు మూస్కొని తియ్యి" అంది. మనోరమ కళ్లు మూసుకుని తీసింది. అరవై.

"అమ్మా, గిదెట్ల?" అంది వర్షిణి. గొంతులో రెండున్నర నెలలుగా వినిపించని చనువు తొంగిచూసింది. "మిషన్ గూడ గిట్ల చెప్పదు!"

"నాకేమెరుక? రోజు తీసేదే గద."

నూనె, శనగపప్పు, పల్లీలు, నువ్వులు ఒక్కొక్కటిగా తూచి రాసుకున్నారు. ఎండుమిరపకాయల దగ్గరికి వచ్చేసరికి పిల్ల అడగకుండానే యాభై పెట్టి హెచ్చించేసింది. మనోరమ పెన్సిలు మీద చెయ్యి వేసింది.

"ఉప్పు, కారం లెక్కకు రావు బిడ్డా. యాభై రెట్లేస్తె ఊరు ఊరంత దవాఖానల పడ్తది. ముప్ఫై పెట్టు. తక్కింది రుచి చూసి ఏసుకుందం."

"మా లెక్కల పుస్తకంల గట్ల లేదు."

"ఆ పుస్తకం రాసినాయిన వంట చేసి ఉండడు."

ఈసారి వర్షిణి నవ్వు ఆగలేదు. తరాజు పళ్లెంలో పల్లీలు ఏరుకు తింటున్న అభిలాష్ కూడా నవ్వాడు, దేనికో తెలియకుండానే.

మర్నాడు ఎనిమిదింటికల్లా హైదరాబాదు రోడ్డు మీద పొయ్యిలు వెలిగాయి. లారీలు అర మైలు అవతలే ఆగిపోయాయి. ఎప్పుడూ హారన్ల మధ్య బిక్కుబిక్కుమంటూ దాటే ఆ రోడ్డు నడిమధ్యలో పీట వేసుకుని కూర్చోవడం మనోరమకు మొదట సిగ్గనిపించింది. తర్వాత నవ్వొచ్చింది. ఆపైన పొగకు రెండూ మర్చిపోయింది. బచ్చన్నపేట నుంచి ట్రాక్టరు మీద కట్టెలు తెచ్చిన మైసమ్మ అనే ఆమె, అడగకుండానే పక్కన చేరి మంట ఎగదోస్తోంది. పత్తి ఏరి ఏరి గీసుకుపోయిన చేతులు ఆమెవి.

"గాజులు పైకి తోస్కో బిడ్డా. గింత అన్నం కలపాలంటె మోచేతుల దాక దిగాలె."

ఉడికిన అన్నాన్ని తెల్లటి కొత్త పంచెల మీద గుట్టలుగా పోశారు. అభిలాష్ అట్టముక్కతో విసురుతున్నాడు. ఒక్కో విసురుకు ఒక నినాదం. మనోరమ మోచేతుల దాకా దిగి చింతపండు పులుసు, పసుపు, పోపు, నువ్వులపొడి కలుపుతూ పోయింది. వర్షిణి కాపీ పట్టుకుని వెనకే నడుస్తూ, "గీ కుప్పకు ఉప్పు రెండోపారి అయింది, గా చివరిదానికి కాలే" అని చెబుతోంది. ఉప్పు వేశానో లేదో అన్న దిగులు ఆ రోజు మనోరమ దరిదాపులకు రాలేదు.

పదకొండింటికి వడ్డన మొదలయ్యే ముందు కనకయ్య సారు వచ్చాడు. సర్కారు బడిలో పంతులు. సమ్మె టెంటు పెద్ద దిక్కు. అరచేతిలో వేయించుకుని రుచి చూసి, కళ్లు మూసి, తల ఊపాడు.

"చెల్లే, మీ ఇంటోళ్లకు నీ మీద ఎంత నమ్మకమే! ఒక్కొక్కలు ఒక్కొక్క వంద పెంచిండ్రు. ఆఖరుకు ప్రెస్సుకు పంపేటప్పుడు మీ బిడ్డ ఉరికొచ్చి, పెన్ను గుంజుకొని రెండును మూడు చేసిపాయె."

నవ్వుకుంటూ ఆయన అవతలి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాడు. మనోరమ తల తిప్పి చూసింది. వర్షిణి అక్కడ లేదు.

నీళ్ల ట్యాంకరు చాటున ఉంది. కుళాయి తిప్పి, కడుక్కోవడానికి ఏమీ లేని చేతులు కడుక్కుంటోంది. మనోరమ వెళ్లి పక్కనే మోచేతుల పసుపు కడుక్కోవడం మొదలుపెట్టింది. కాసేపు ఇద్దరి చేతుల మీదా నీళ్లు పారాయి.

"మూడో వంద నీదానె?"

పిల్ల తల ఊపింది.

"ఎందుకే? నేనేం పాపం చేసిన నీకు?"

"రెండొందలైతె నువ్వు చేసేస్తవు. బాపమ్మ సాయం ఉంటది. మూడొందలైతె లెక్క తెగదు." వర్షిణి కుళాయి వంకే చూస్తోంది. "లెక్క తెగకుంటె నన్ను పిలుస్తవని."

"పిలవకుంటె?" అంది మనోరమ.

"ఏమో. గది ఆలోచించలే."

"నువ్వే రావొద్దానె, పక్క గదిలనే ఉంటివి?"

"ఏ మొకం పెట్టుకొని రావాలె?" అంది పిల్ల. "అమ్మా, ఆ మీటింగు నాడు ముందుగాల నవ్వింది నేనే. నేను నవ్వినంకనే అందరు నవ్విండ్రు. నేను నవ్వకుంటె నన్ను చూసి నవ్వుతరేమో అని... ఎట్లనో నవ్వొచ్చింది. మల్ల నిన్నే రావద్దన్న."

కుళాయి కట్టేసింది మనోరమ. కొంగుతో ఒక్కో వేలూ తుడుచుకున్నా, నూనె పట్టిన పసుపు పూర్తిగా వదల్లేదు.

"నాకెరుకే."

వర్షిణి దిగ్గున తల ఎత్తింది. "నీకెట్లెరుక? కిటికీ అవతలుంటిమి. నువ్వు ఇటు చూడనే లేదు."

"పుట్టినకాంచి ఇంటున్న నీ నవ్వు. నలభై మందిల కలిసిపోయినంత మాత్రాన తెల్వదా?"

"మరి గిన్ని దినాలు అడగలేదేంది?"

"అడిగితె నువ్వు కాదనాలె, నేను నమ్మినట్టు చెయ్యాలె. ఇద్దరికీ పరేషాన్. నువ్వే చెప్తవులే అని ఊకున్న."

మాట పూర్తికాకముందే పిల్ల వచ్చి తల్లి భుజం మీద ముఖం దాచుకుంది. ఎత్తు పెరిగింది; వంగితే గానీ భుజం అందలేదు. మనోరమ వీపు నిమిరింది. ఆ మధ్యాహ్నమంతా వర్షిణి నీలం చుడీదారు వీపు మీద ఐదు పసుపు వేళ్లు అచ్చుగుద్దినట్టు ఉండిపోయాయి. ఆ సంగతి అందరూ చూశారు. పిల్లకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

వడ్డన గంటన్నర సాగింది. అభిలాష్ బంతి బంతికీ వెళ్లి, "మా అమ్మ చేసింది" అని చెప్పి వచ్చాడు. అడిగినవాళ్లకూ చెప్పాడు, అడగనివాళ్లకూ చెప్పాడు. కుర్చీ వేయించుకుని కూర్చున్న అండాలు, ఎదురింటివాళ్ల పప్పులో పులుపు చాలలేదని ఒకరిద్దరి చేత అనిపించుకుని తృప్తిపడింది. మైసమ్మ ఆకులో మూడోసారి పెట్టించుకుని, "గీ నువ్వులపొడి ఎంతెంతేసినవు బిడ్డా?" అని అడిగింది. "మా అమ్మాయిని అడుగు. అంత రాసిపెట్టింది" అంది మనోరమ. వర్షిణి కాపీ తెరిచి, మైసమ్మకు అర్థమయ్యేలా సోలల్లోకి మార్చి చెప్పడం మొదలుపెట్టింది.

వెంకట్రాజం వరసలో చివర కూర్చుని తిన్నాడు. చేయి కడుక్కొచ్చి భార్య పక్కన నిలబడి, "ఇంట్ల ఎన్నడు గింత మంచిగ కుదరదేంది?" అన్నాడు మెల్లగా.

"ఇంట్ల మీరు మూడొందల మంది లేరు గద," అంది మనోరమ.

ఆయన నవ్వబోతుంటే జేబులో సెల్లు మోగింది. ఎత్తి రెండు మాటలు మాట్లాడి, "అరుణ. నీకే ఇయ్యమంటది" అని అందించాడు. అరుణ ఆయన చెల్లెలు. భూపాలపల్లిలో కాపురం; భర్త జగపతికి అక్కడ కిరాణా దుకాణం. మైకు చప్పుడుకు మనోరమ ఒక చెవి మూసుకుని, పొయ్యిలకు దూరంగా నాలుగడుగులు వేసింది. వర్షిణి ఖాళీ విస్తళ్లు పోగుచేస్తూ వెనకే వచ్చింది.

"వదినా, రోడ్డు మీద వండినవట! అన్న చెప్పిండు. మంచిగైందా?"

"మంచిగైంది అరుణా. గంగాళాలు నాకినట్టే తిన్నరు."

"మంచిది, మంచిది. జర రక్షితకు ఇయ్యి ఫోను. నాలుగు దినాలాయె మీ ఇంటికొచ్చి, ఒక్క ఫోన్ చెయ్యలే. దాని సెల్లేమో కలుస్తలేదు. మీ దగ్గర గూడ కరెంటుంటలేదు గద, ఛార్జింగు లేదనుకున్న. వర్షిణికి లెక్కలు చెప్తనని మస్తు పట్టువట్టె వదినా. పరకాల దాక జీపు ఎక్కించిండు మా ఆయన. కాజీపేటకెల్లి రైలెక్కి పోత అన్నది."

మనోరమకు మైకు చప్పుడు ఒక్కసారిగా ఎక్కడో దూరంగా పోయినట్టయింది. రక్షిత అరుణ కూతురు, ఇంటర్ రెండో సంవత్సరం. ఎండాకాలం సెలవులకు వచ్చి వెళ్లిన తర్వాత ఆ పిల్ల జనగామ గడప తొక్కలేదు.

"రక్షితనా..." అంటూ నోరు తెరిచింది.

వెనక విస్తళ్లు జారి పడిన చప్పుడైంది. తిరిగి చూస్తే వర్షిణి ముఖంలో నెత్తురు చుక్క లేదు. రెండంగల్లో దగ్గరికి వచ్చి తల్లి మణికట్టు పట్టుకుంది.

"ఉన్నదని చెప్పమ్మా," అంది, పెదవులు మాత్రమే కదిలేంత మెల్లగా. "నీకు దండం పెడుత. రక్షిత వదిన మనింట్లనే ఉన్నదని చెప్పు."

"వదినా?" అవతల అరుణ గొంతు పెరిగింది. "ఇంటున్నవా? పక్కకే ఉన్నదా నా బిడ్డ?"